పది ఆంపియర్ల పెట్టె నీకెందుకు తమ్ముడూ?

ప్రశ్న:

అన్నా, నమస్తే. తిరుపతి కొర్లగుంటలో బాడుగ ఇంట్లో ఉంటాను. రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో పని. డ్యూటీ అయ్యాక ఇంట్లో ఈఎస్పీ32 అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డులతో ఏదో ఒకటి చేస్తుంటాను. ఇప్పుడు రెండు పనులు పెట్టుకున్నాను. మిద్దె మీద కుండీలకు తనంతట తానే నీళ్లు పోసే 12 వోల్టుల పంపు ఒకటి. గంగమ్మ జాతరకు మా వీధిలో పెట్టడానికి 150 పిక్సెల్ లైట్లతో అమ్మవారి ముఖం ఇంకొకటి. ఇన్నాళ్లూ 12 వోల్టుల అడాప్టరుకు వోల్టేజి దించే ఎల్ఎం2596 మాడ్యూల్ తగిలించి 5 వోల్టులు తీసుకుంటున్నాను. రెండు బోర్డులు పోయాయి. రెండోది మాడ్యూల్ మీద స్క్రూ తిప్పుతుంటే నా కళ్ల ముందే పోయింది. అందుకే ఆరు వేలలో కావాల్సిన వోల్టేజి మనమే పెట్టుకునే బెంచ్ పవర్ సప్లై ఒకటి కొందామని ఉంది. ఫ్యాక్టరీలో సీనియర్ ఒకాయన '30 వోల్టులు 10 ఆంపియర్లది తీసుకో, ఎక్కువ ఉంటే నష్టమేముంది' అంటాడు. మా బావమరిది అరచేతిలో పట్టేంత టైప్-సీ సప్లై చూపిస్తున్నాడు. నా టేబుల్ రెండడుగులే. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. పాత లాప్‌టాప్ తాలూకు 65 వాట్ల టైప్-సీ చార్జర్ ఒకటి ఊరికే పడి ఉంది. 10 ఆంపియర్లది పెడితే బోర్డు కాలిపోతుందేమోనని ఒక భయం, చిన్నది కొంటే చాలదేమోనని ఇంకో భయం. ఏది కొనమంటావు? దాంతో 18650 లిథియం సెల్స్ కూడా చార్జ్ చేసుకోవచ్చా?

– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం:

తమ్ముడూ, కొనే సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ రెండో బోర్డు ఎందుకు పోయిందో చెబుతాను. అది తెలిస్తే ఏం కొనాలో సగం నీకే తెలుస్తుంది.

ఎల్ఎం2596 మాడ్యూల్ మీద నీలం రంగు చిన్న పెట్టె, దాని నెత్తిన ఇత్తడి స్క్రూ ఉంటుంది కదా. ఎన్ని వోల్టులు బయటికి పంపాలో ఆ చిప్‌కు చెప్పేది ఆ స్క్రూనే. చవక మాడ్యూళ్లలో లోపలి కాంటాక్టు వదులుగా ఉంటుంది. తిప్పేటప్పుడు ఒక్క క్షణం అది వదిలేసిందనుకో, బయట వోల్టేజి అసలు లేదని చిప్ భ్రమపడి తలుపు పూర్తిగా తెరిచేస్తుంది. లోపలికి వచ్చే 12 వోల్టులూ అలాగే నీ బోర్డు 5 వోల్టుల పిన్ను మీదికి దూకుతాయి. ఈఎస్పీ32 చిప్ తట్టుకునేది 3.6 వోల్టుల వరకే. మధ్యలో ఉన్న చిన్న రెగ్యులేటర్ 12ను 3.3కి దించే ప్రయత్నంలో పెనంలా కాలుతుంది. వైఫై పావు ఆంపియర్ లాగినా రెండు వాట్లకు పైగా వేడి, గోరంత ముక్క మీద. మాడ్యూల్‌ను తప్పు పట్టడానికి లేదు. బోర్డు తగిలించి ఉండగా స్క్రూ తిప్పడమే తప్పు. మొదటి బోర్డు ఎలా పోయిందో నువ్వు రాయలేదు. పంపు ఆగేటప్పుడు వెనక్కి ఎగదన్నే వోల్టేజిని ఆపడానికి దానికి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ పెట్టకుండా నడిపి ఉంటే నా అనుమానం దాని మీదికే పోతుంది.

ఇప్పుడు నీ మొదటి భయం. 10 ఆంపియర్ల సప్లై పెడితే బోర్డు కాలదు. కల్యాణ మండపంలో గుండిగ నిండా అన్నం ఉందని తినేవాడు గుండిగంతా తినడు, వాడి ఆకలి ఎంతో అంతే తింటాడు. ఆంపియర్లు కూడా అంతే, బోర్డు ఎంత అడిగితే అంతే వెళ్తాయి. సప్లై నెట్టేది వోల్టేజినే. అందుకే వోల్టేజి తప్పితే ప్రాణాంతకం. ఆంపియర్లు ఎక్కువ ఉండటం అనేది అంతా సవ్యంగా ఉన్నప్పుడు ప్రమాదం కాదు. (మన ఇళ్లలో కరెంటు అంటే స్తంభం నుంచి వచ్చేదే. ఈ జవాబులో నేను కరెంటు అన్నచోటల్లా ఆంపియర్లు అని చదువుకో.)

మరి సవ్యంగా లేనప్పుడు? వైరు తిరగేసి పెట్టావు, సోల్డర్ చుక్క ఒకటి రెండు పిన్నుల్ని కలిపేసింది. అప్పుడు ఆ సర్క్యూట్‌కు ఆకలి అంతు ఉండదు. గుండిగలో ఉన్నదంతా లాగేస్తుంది. నీ 12 వోల్టుల అడాప్టరు చేయలేనిదీ, బెంచ్ సప్లై చేయగలిగేదీ ఇక్కడే ఉంది: '100 మిల్లీఆంపియర్లు దాటనివ్వకు' అని నువ్వు ముందే చెప్పి పెట్టుకోవచ్చు. దాటబోతే అదే వోల్టేజిని కిందికి దించేసి, ముందు పలకన సీసీ అనే లైటు వెలిగిస్తుంది. మామూలుగా వెలిగేది సీవీ, అంటే వోల్టేజి నిలకడ. సీసీ అంటే కరెంటు నిలకడ. బెంచ్ సప్లైకి మనం పెట్టే డబ్బు ఈ ఒక్క సీసీ కోసమే అని నా లెక్క. 30 వోల్టులు, 60 వోల్టులు, రంగుల డిస్‌ప్లే, ఇవన్నీ దాని తర్వాతే.

మీ సీనియర్ మాట ఇక్కడే తేలిపోతుంది. ఎక్కువ ఉంటే నష్టమేముంది అన్నాడు కదా, నష్టం ఉంది. చవక 10 ఆంపియర్ల పెట్టెల్లో కరెంటు నాబ్ ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగదు. ఆ ముప్పావు చుట్టులోనే సున్నా నుంచి 10 దాకా ఇమిడ్చేస్తారు. అందులో 50 మిల్లీఆంపియర్లు పెట్టి చూపించమను ఆయన్ని. ఊపిరి బిగబట్టి వెంట్రుకవాసి తిప్పాలి. మూడంకెల డిస్‌ప్లే అయితే 0.05 అని చూపిస్తుంది, అది నిజానికి 40నో 60నో తెలియదు. బియ్యం తూచే కాటాలో ముక్కుపుడక తూచినట్టు. ఆయన పని మోటార్లూ ఇన్వర్టర్లూ అయితే ఆయనకు 10 సరైనదే. నీ పని వేరు.

నీ అవసరం లెక్క వేసి చూడు. ఈఎస్పీ32 వైఫైతో మాట్లాడేటప్పుడు తీసుకునే గుక్కలకు అర ఆంపియర్ సప్లై ఉంచమని దాన్ని తయారుచేసే వాళ్లే చెబుతారు. పంపును ఆన్-ఆఫ్ చేసే రిలే కాయిల్‌కు 70 మిల్లీఆంపియర్లు. ఎప్పుడైనా చిన్న సర్వో మోటారు పెడితే, అది ఇరుక్కున్నప్పుడు ముప్పావు ఆంపియర్ దాకా. కుండీల పంపు నడిచేటప్పుడు అర ఆంపియర్ తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. అన్నీ ఒకేసారి పెట్టినా 3 ఆంపియర్లు దాటవు. మిగిలింది అమ్మవారి ముఖం. దాని దగ్గరికి వస్తాను.

నేను కొన్న మొదటి సప్లై కథ చెప్పాలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొని, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లో పెట్టుకుని తిరుపతి తెచ్చాను. లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్. దిగేసరికి తొడలు తిమ్మిరెక్కాయి. పని బాగానే చేసింది, కానీ దానికి అవుట్‌పుట్ బటన్ లేదు. అంటే స్విచ్ వేస్తే చాలు, టెర్మినళ్ల దగ్గర వోల్టేజి సిద్ధంగా ఉంటుంది. ఒకరోజు 5 వోల్టులు పెట్టి, బోర్డు తగిలించి, కాఫీకి లేచాను. తిరిగొచ్చేసరికి మా చిన్నోడు నాబ్ పట్టుకుని స్టీరింగ్ తిప్పినట్టు తిప్పుతున్నాడు. డిస్‌ప్లే మీద 17. బోర్డు మీద పొగ. వాణ్ని తిట్టడానికి కూడా నోరు రాలేదు, తప్పు నాదే కదా. మీ పాపకు రెండేళ్లన్నావు. కాబట్టి నీ సప్లైకి ఉండాల్సినవి మూడు అనుకో. సెట్టింగ్ చూసుకున్నాక నొక్కే అవుట్‌పుట్ ఆన్-ఆఫ్ బటన్. నాబ్ తిప్పినా ఏమీ మారకుండా చేసే లాక్. ఫలానా వోల్టేజి దాటితే తనంతట తానే ఆఫ్ అయ్యే ఓవీపీ. ఈ మూడోది ఎందుకంటే, సీసీ ఉంది కదా అని వోల్టేజి పొరపాటు నుంచి కూడా కాపాడుతుందనుకోకు. 300 మిల్లీఆంపియర్ల హద్దు పెట్టినా, 17 వోల్టులు వెళ్తే చిప్ పోతుంది. 5 వోల్టుల పనికి ఓవీపీని 5.5 దగ్గర పెట్టి మర్చిపో.

ఇక రకాలు. ట్రాన్స్‌ఫార్మర్‌తో వచ్చే లీనియర్ సప్లై చాలా శుభ్రమైన వోల్టేజి ఇస్తుంది. ఆడియో ఆంప్లిఫయర్లు, రేడియోలు చేసేవాళ్లకు అదే కావాలి. కానీ మిగులు వోల్టేజినంతా వేడిగా వదిలేస్తుంది. లోపల 30 వోల్టులుండి నువ్వు 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు తీసుకుంటే, నీకు అందేది 10 వాట్లు, గదిలోకి వచ్చే వేడి 50 వాట్లు. (మంచివాటిలో లోపల టక్ టక్ మని రిలేలు మారి ఈ నష్టాన్ని తగ్గిస్తాయి.) మే నెలలో తిరుపతి ఎండ, చిన్న గది, పైగా ఇది. నాలుగైదు కిలోల బరువు సరేసరి. నీకు వద్దు.

ఎస్ఎంపీఎస్, అంటే స్విచ్చింగ్ రకం పెట్టె, 30 వోల్టులు 5 ఆంపియర్లది, నీ టేబుల్ మీద ఒక మూలన పట్టేస్తుంది. రిపుల్, అంటే వోల్టేజి మీద సన్నటి వణుకు, లీనియర్ కన్నా ఎక్కువే. పదుల మిల్లీవోల్టులు ఉంటుంది. ఈఎస్పీ32కు, రిలేకు, పిక్సెళ్లకు దాని ఊసే పట్టదు. ఫ్యాను చప్పుడు మాత్రం అడిగి, విని కొను. పాప నిద్రపోయాకే కదా నీ పని మొదలయ్యేది.

మూడోది మీ బావమరిది చూపిస్తున్నది. ఫ్నిర్సీ డీపీఎస్-150 ఆ జాతిదే. కాగితం మీద 30 వోల్టులు, 5 ఆంపియర్లు, 150 వాట్లు. ఇందులో చాలామంది బోల్తాపడే సంగతి ఒకటుంది. దీని లోపల గోడ ప్లగ్గులోని 230 వోల్టులను మార్చే భాగమే లేదు. నువ్వు బయటి నుంచి ఇచ్చే డీసీని కిందికి దించి ఇస్తుందంతే. పైకి ఎక్కించదు. నీ 65 వాట్ల చార్జర్ 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు ఇస్తుంది. కాబట్టి నీకు అందేది సుమారు 19 వోల్టుల వరకే. 30 కావాలంటే 30కి పైన ఇచ్చే వేరే అడాప్టర్ పెట్టాలి. మామూలు ఫోను చార్జరు, పీడీ (అడిగితే వోల్టేజి పెంచి ఇచ్చే టైప్-సీ పద్ధతి) లేనిది, గుచ్చావంటే 5 వోల్టులు కూడా పూర్తిగా రావు. అప్పుడు 'ఇది డూప్లికేట్' అని అమ్మినవాణ్ని తిట్టుకుంటారు. అయితే దించేటప్పుడు ఇది వేడిగా పారబోయదు. 20 వోల్టుల దగ్గర తీసుకున్న వాట్లనే 5 వోల్టుల దగ్గర ఎక్కువ ఆంపియర్లుగా ఇస్తుంది. 5 వోల్టులు, 5 ఆంపియర్లు అంటే 25 వాట్లే, నీ చార్జరుకు అది లెక్కే కాదు.

నా ఓటు నీ విషయంలో దీనికే. నువ్వు వాడేవి 3.3, 5, 12 వోల్టులు. 19 నీకు చాలు. చార్జరు ఇంట్లోనే ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, 20 వోల్టులిచ్చే పీడీ పవర్ బ్యాంకు ఉంటే దీన్ని మిద్దె మీదికి పట్టుకెళ్లి, కుండీల పక్కనే కూర్చుని పంపు పరీక్షించుకోవచ్చు. పని అయ్యాక పాపకు అందకుండా బీరువాలో పెట్టేయొచ్చు. ఒక్క జాగ్రత్త. అరచేతంత పెట్టె కాబట్టి, ఎండాకాలంలో పూర్తి 5 ఆంపియర్లు గంటలకొద్దీ లాగకు. సగంలో నడుపు. ఇక ఆర్‌డీ6006 లాంటి మాడ్యూళ్లు కొని, ఎస్ఎంపీఎస్ పక్కన పెట్టి, రేకు డబ్బాలో బిగించుకోవడం కూడా కొందరు చెబుతారు. 60 వోల్టులు, 6 ఆంపియర్ల మంచి సరుకే. కానీ 230 వోల్టుల వైరింగ్ నీ చేతులతో చేయాలి. పసిపిల్ల ఉన్న ఇంట్లో మొదటి సప్లైగా అది వద్దు.

వాడే పద్ధతి చెబుతాను. కొత్తగా సోల్డర్ చేసిన బోర్డుకు ముందు 5 వోల్టులు, 100 మిల్లీఆంపియర్లు పెట్టు. అవుట్‌పుట్ ఆఫ్‌లో ఉండగానే వైర్లు తగిలించు, అప్పుడు ఆన్ నొక్కు. ఈ వరుస తిరగబడకూడదు. ఎందుకంటే టెర్మినళ్ల వెనక ఒక కెపాసిటర్ ఉంటుంది. అవుట్‌పుట్ ఆన్‌లో ఉండగా తగిలిస్తే, నువ్వు పెట్టిన హద్దుతో సంబంధం లేకుండా అది తనలో నింపుకున్నదంతా ఒక్కసారి కక్కేస్తుంది. ఎల్ఈడీ ఒకటి చాలు దానికి బలి కావడానికి. ఆన్ చేశాక సీసీ లైటు వెలిగితే వెంటనే ఆఫ్ నొక్కు, ఆలోచన తర్వాత. వెలగలేదంటే షార్టులు లేవని, అప్పుడు వైఫై కోసం 600కు పెంచు. 100 దగ్గరే వదిలేసి వైఫై ఆన్ చేస్తే బోర్డు బ్రౌనవుట్ (వోల్టేజి పడిపోయింది) అని చెప్పి మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంది. ప్రోగ్రాములో తప్పుందేమోనని రెండు రాత్రులు తల బద్దలు కొట్టుకుంటావు. నేను కొట్టుకున్నాను.

సప్లైతో ఉచితంగా వచ్చే క్రొకడైల్ క్లిప్పుల వైర్లను నమ్మకు. పైన లావుగా రబ్బరు, లోపల నాలుగు పోగులు. రానూపోనూ కలిపి 0.2 ఓములు ఉన్నా, 3 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టులు దారిలోనే పోతాయి. పెట్టె 5.00 అంటుంది, బోర్డు దగ్గర 4.4. అందుకే మల్టీమీటరు ఎప్పుడూ బోర్డు దగ్గర పెట్టి చూడు. ఆరు వేలలో కొంత మిగిల్చి లావు సిలికాన్ వైరు, మంచి బనానా పిన్నులు కొనుక్కో.

అమ్మవారి ముఖానికి వద్దాం. నువ్వు వాడేది డబ్ల్యూఎస్2812బీ రకం పిక్సెళ్లే అనుకుంటున్నాను. ఒక్కోటి పూర్తి తెలుపులో సుమారు 60 మిల్లీఆంపియర్లు. 150 అంటే 9 ఆంపియర్లు. 10 ఆంపియర్ల పెట్టె కావాలేమోనని నీకు అనిపించింది ఇక్కడే అయి ఉంటుంది. కానీ గంగమ్మ ముఖం తెల్లగా ఉండదు కదా, పసుపు. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే పసుపు, అంటే మూడింట రెండు వంతులు, 6 ఆంపియర్లు. రాత్రిపూట వీధిలో సగం వెలుగు చాలా ఎక్కువే. అప్పటికి 3. ఫాస్ట్‌ఎల్ఈడీ లైబ్రరీ వాడుతుంటే ఇన్ని మిల్లీఆంపియర్లు దాటొద్దని ప్రోగ్రాములోనే రాసి పెట్టొచ్చు. టేబుల్ మీద పరీక్షకు నీ చిన్న సప్లై ఆ లెక్కన సరిపోతుంది. జాతర రోజుల్లో మాత్రం బెంచ్ సప్లైని వీధిలో పెట్టకు. దానికి చిల్లుల రేకు డబ్బాలో వచ్చే 5 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ వేరేగా కొని, వాన పడినా తడవని పెట్టెలో, జనం చేతికి అందని ఎత్తులో బిగించు. దాని స్క్రూల మీద 230 వోల్టులు బయటికే ఉంటాయి. 5 వోల్టులను పట్టీకి ఒక్క చివర నుంచి ఇస్తే రెండో చివరకు వెళ్లేసరికి రంగు మారిపోతుంది, నీలం ముందు నీరసపడుతుంది. రెండు చివర్లా, వీలైతే మధ్యలో కూడా, లావు వైరుతో అందించు.

సెల్స్ సంగతి: చార్జ్ చేయొచ్చు. 4.20 వోల్టులు, అర ఆంపియర్ పెడితే అదే సీసీతో మొదలై సీవీతో ముగుస్తుంది. కానీ ప్లస్-మైనస్ ఒక్కసారి తారుమారైతే సెల్ ఊరుకోదు. మధ్యలో సప్లై ఆగిపోతే సెల్ నుంచి కరెంటు వెనక్కి పెట్టెలోకి వెళ్లే అవకాశమూ ఉంది. కొద్ది డబ్బుకు దొరికే టీపీ4056 మాడ్యూల్ ఆ పనికే పుట్టింది. దాన్ని వాడు. రాత్రి పెట్టి పడుకోవడం దేనితోనూ వద్దు.

బాడుగ ఇల్లన్నావు, ఒక మాట. ప్లగ్ పాయింటులో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో టెస్ట్ ల్యాంప్ పెట్టించి చూడు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు వెలగాలి. ఎర్త్ లేకపోతే రేకు ఒంటి ఎస్ఎంపీఎస్‌లు తాకినప్పుడల్లా చురుక్కుమంటాయి, లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల. రెండు పిన్నుల లాప్‌టాప్ చార్జర్లలోనూ ఈ లీకేజి కొంచెం ఉంటుంది. అందుకని బోర్డును కంప్యూటరుకూ సప్లైకీ రెండింటికీ కలపాల్సి వస్తే, ముందు అన్నీ ఆఫ్ చేసి, నెగటివ్ వైర్లు కలిపి, అప్పుడు ఆన్ చేయి.

ఆన్‌లైన్‌లో కొన్నా, రిచీ స్ట్రీట్‌కు పోయి కొన్నా, బైకు ఇండికేటరుకు వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి దగ్గర పెట్టుకో. సప్లైని 12 వోల్టులు, 3 ఆంపియర్ల దగ్గర పెట్టి బల్బు వెలిగించు. సుమారు ఒకటి ముప్పావు ఆంపియర్లు చూపించాలి. చల్లగా ఉన్న ఫిలమెంటు మొదట చాలా ఎక్కువ లాగుతుంది కాబట్టి, వెలిగే క్షణంలో సీసీ లైటు ఒకసారి మెరవొచ్చు, అది మంచిదే. తర్వాత హద్దును అర ఆంపియర్‌కు దించు. బల్బు మసకబారి, సీసీ నిలకడగా వెలగాలి, అంకెలు ఎగిరిపడకూడదు. ఆఖరికి బల్బు తీసేసి, 5 వోల్టులు పెట్టి, మల్టీమీటరు ఆనించి, అవుట్‌పుట్ బటన్ పదిసార్లు ఆన్-ఆఫ్ చేయి. మెయిన్ స్విచ్ కూడా రెండు మూడుసార్లు. ఆ ఊపులో మీటరు 6 వైపు ఒక్కసారి ఎగిరినా ఆ పెట్టె వెనక్కి ఇచ్చేయి.